వార్షిక నివేదిక 2024–25: మగ్గం గుంట దగ్గర డిజైన్ పాఠం

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఉగాది పంచాంగ శ్రవణం, కార్తీక వనభోజనాలు, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈ నివేదికలో ఎక్కువ చోటు మన నేతగాళ్ల ఇళ్లలో జరిగిన డిజైన్ విద్యార్థుల శిబిరానికే ఇస్తున్నాను. ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో అదే అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం.

బరంపురం పట్టుకు భౌగోళిక గుర్తింపు దక్కింది గాని, దాన్ని నేసే మన దేవాంగుల ఇళ్లలో వానాకాలం వస్తే మగ్గం గుంటలోకి, అంటే నేసేవారు కాళ్లు దించుకుని కూర్చునే గుంటలోకి, నీరు ఊరుతూనే ఉంది. విద్యార్థులు ముందే గీసుకొచ్చిన బొమ్మల్లో నిలువెత్తు ఇనుప మగ్గం ఉంది. ఒక పెద్దాయన వాటిని ఓపిగ్గా చూసి, ఒక అమ్మాయిని మగ్గం మీద కూర్చోబెట్టారు. “కాళ్లు కిందికి దించమ్మా, చెమ్మ తగిలిందా?” అన్నారు. తరువాత తల పైకెత్తి చూడమన్నారు. ఇంటి దూలం చేతికి అందేంత ఎత్తులోనే ఉంది! బొమ్మలోని ఆ ఇనుప మగ్గం ఆ ఇంట్లో పట్టదు. విద్యార్థులు బొమ్మలు పక్కన పెట్టి, అప్పుడు నేతగాళ్లను అడగడం మొదలుపెట్టారు. దారం కండెలు చుట్టే ఆడవాళ్లను కూడా అడిగారు. గచ్చు మీద గంటల తరబడి కూర్చునే వాళ్ల మోకాళ్ల సంగతి మనమూ ఎన్నడూ పట్టించుకోలేదు.

వారి అధ్యాపకురాలు ఒక సాయంత్రం చెంబు గురించి చెప్పారు. అమెరికా డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారత ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో మన చెంబును ఎంతో మెచ్చుకున్నారట. అలాంటి పాత్ర చేయాలంటే ఎన్ని నీళ్లు పట్టాలి, మోసే చేతులు ఎవరివి, తల మీద మోస్తారా, చంకన పెట్టుకుంటారా అని వరుసగా ప్రశ్నలు వేసుకున్నారట. 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడటానికి ఆ నివేదికే ప్రేరణ. డిజైన్ చదువు అంటే ఇదీ అని అక్కడున్న నేతగాళ్లకు వెంటనే అర్థమైంది.

విద్యార్థులు చివరికి గుంటకు సిమెంటు పూత, నీరు లోపలికి జారకుండా చుట్టూ గట్టు, కండెలు చుట్టేవారికి పొట్టి పీట తయారుచేశారు. మొదట కట్టిన గట్టు మోకాలికి తగులుతోందని నేతగాళ్లు చెప్పగానే తగ్గించి కట్టారు. పీట ఎత్తు ఇంకా కుదరలేదు.

శిబిరం ఎండాకాలంలో పెట్టడం వల్ల గట్టు నీటిని ఆపుతుందో లేదో తెలియలేదు. గీసి ఇచ్చి వెళ్లిపోతే చదువు సగమే. అందుకే ఆ విద్యార్థులనే శ్రావణంలో మళ్లీ అవే ఇళ్లకు పిలవాలని కార్యవర్గం తీర్మానించింది. వారికి బస, భోజనం ఇవ్వగల సభ్యులు ఆషాఢం లోపు పేర్లు నమోదు చేయించుకోవాలని కోరుతున్నాను.

కార్యదర్శి