మంత్రిగారూ, మా పిల్లలు ఆర్చి చూసొచ్చారు

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఇది ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ తమ దాకా చేరాయో లేదో తెలియదు. ఆన్‌లైన్‌లో పెట్టిన అర్జీకి మాత్రం ‘పరిష్కరించబడింది’ అని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో నాకింకా అంతుపట్టలేదు.

బడిపిల్లలను యూనివర్సిటీకి తీసుకెళ్ళి లైబ్రరీ, ల్యాబులు చూపించే కార్యక్రమం గురించి తమకు నేను చెప్పక్కర్లేదు. దాని కిందే మా పిల్లలనూ తీసుకెళ్ళాను. ఆ రోజు ఏం జరిగిందో అదొక్కటి వినండి.

మా తొమ్మిదో తరగతి పిల్లలు 46 మంది. సఖినేటిపల్లి రేవులో తొలి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) ఎక్కి వశిష్ట గోదావరి దాటి, నరసాపురంలో బస్సెక్కాం. ఇళ్ళ నుంచి పులిహోర కట్టుకొచ్చారు. చూసినవన్నీ రాసుకోవాలని ఇద్దరు ఆడపిల్లలు కొత్త నోటుబుక్కులు కొనుక్కున్నారు. పది గంటలకు యూనివర్సిటీ గేటు దగ్గరకు చేరితే సెక్యూరిటీ అతను “లెటర్ రాలేదండి” అన్నాడు. పర్మిషన్ లెటర్ నా చేతిలో ఉంది కదా, స్టాంపుతో సహా! “అది మీకొచ్చిందండి. మాకు రావాలి” అన్నాడు. పన్నెండున్నర దాకా రోడ్డు పక్కన వేపచెట్టు కిందే కూర్చున్నాం. ఆడపిల్లల అవస్థ రాయలేను. పెట్రోలు బంకు వాళ్ళు దయతలిచారు.

చివరికి ఒక అటెండరు గారిని పంపారు. ఆయన్నేమీ అనను, పాపం ఆయనకు ఇంకో మూడు పనులున్నాయట. ఆర్చి చూపించారు. చాలా బాగుంది, రంగు కూడా కొత్తగా వేశారు. ఆఫీసు బిల్డింగు బయటినుంచి చూశాం. లైబ్రరీకి ఐడీ కార్డు కావాలన్నారు. ల్యాబ్‌కు తాళం, తాళంచెవి ఉన్న సారు సెలవు. ఆఖర్న సెల్ఫీ బోర్డు దగ్గర ఫొటో. మొత్తం 20 నిమిషాలు. నోటుబుక్కులో ఒక పిల్ల ‘ఆర్చి, గులాబీ రంగు’ అని రాసుకుంది. అంతే.

తిరుగు దారిలో నేనే గైడునయ్యాను. రాజమహేంద్రవరం ఆర్ట్స్ కాలేజీ 1853లో బడిగా మొదలైందనీ, వీరేశలింగం గారు అక్కడ తెలుగు పండితులనీ, రాధాకృష్ణన్ గారు కూడా అక్కడ పాఠాలు చెప్పి, 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారనీ చెప్పాను. ఆ విశ్వవిద్యాలయం 1926లో బెజవాడలో మొదలై వాల్తేరు వెళ్ళిందంటే, “మధ్యలో మన దగ్గర ఆగలేదేం సార్?” అన్నాడొకడు.

ఇంతలో మార్టేరు వచ్చింది. వరి పరిశోధన స్థానం బోర్డు చూసి వెనక సీటు కుర్రాడు “సార్, మా నాన్న వేసే ఎంటీయూ 7029లో ఎంటీయూ అంటే ఇదేనా?” అని అరిచాడు. ఇదేరా! స్వర్ణ అని పిలిచే ఆ వరి రకం ఇక్కడిదే, 1982లో విడుదలైంది. ఈ స్థానం కూడా వ్యవసాయ విశ్వవిద్యాలయానిదే. బస్సంతా ఒక పక్క కిటికీల మీదకు ఒరిగింది. నోటుబుక్కులు మళ్ళీ బయటికొచ్చాయి. కానీ దిగలేకపోయాం. మా పర్మిషన్‌లో మార్టేరు లేదు, పైగా పంటు తప్పిపోతుందని నాకు టెన్షన్.

అయ్యా, గైడుగా ఒక పీజీ కుర్రాణ్ణి ఇప్పించండి. లైబ్రరీలో పది నిమిషాలు నిలబడనివ్వండి. ల్యాబ్ తెరిపించండి. మార్టేరును కూడా జాబితాలో చేర్చండి. ఇవేవీ కుదరకపోతే, కనీసం ఆ ‘మాకు రావాల్సిన లెటర్’ మాకంటే ముందు గేటుకు చేరేలా చూడండి. వచ్చే నెల ఎనిమిదో తరగతి వాళ్ళను తీసుకొస్తున్నాను. పులిహోర మేమే తెచ్చుకుంటాం.

ఇట్లు,
కోనసీమ హైస్కూలు సోషల్ మాస్టారు