ఎమిలీ కళ వయసు ఎనిమిదేళ్లేనా?

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం సంచికలో ఆస్ట్రేలియా ఎడారి చిత్రకారిణి ఎమిలీ కామె ఉంగ్వారే గురించి వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ఒక ఆదివాసీ స్త్రీ కళకు రెండు పేజీలు కేటాయించినందుకు కృతజ్ఞతలు. అయితే, డెబ్బై ఎనిమిదేళ్ల దాకా బొమ్మలంటే ఏమిటో ఎరగని ముసలావిడ ఒకనాడు ఉన్నట్టుండి కుంచె పట్టి లోకాన్ని విస్మయపరిచిందన్న ధోరణిలో ఆ వ్యాసం సాగింది. ఆమె కథ చాలాచోట్ల ఇలాగే చలామణి అవుతోంది కనుక తప్పంతా మీ రచయితదే అనను. కానీ ఈ మాట ఆమె జీవితంలో అధిక భాగాన్ని తుడిచిపెట్టేస్తోంది.

ఎమిలీ 1910 ప్రాంతంలో, ఆలిస్ స్ప్రింగ్స్‌కు ఈశాన్యంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్న యుటోపియా ప్రాంతంలో, అల్హల్కెర అనే తన తాతల నేలమీద పుట్టారు. ఆమెది అన్మాట్యెర్ జాతి. ఆ జాతి స్త్రీలు అవెల్యె అనే తమ క్రతువులో ఎర్రమట్టినీ తెల్లమట్టినీ నూరి, కొవ్వు రాసుకున్న రొమ్ములమీదా భుజాలమీదా చారలు దిద్దుకుంటూ, తమ నేలకు సంబంధించిన పాటలు పాడుతారు. ఏ చార ఎవరు దిద్దాలో, ఏ పాట ఎవరికి చెందుతుందో కట్టుబాట్లున్నాయి. ఎమిలీ ఆ క్రతువుల్లో పెద్దరికం వహించిన మనిషి. అల్హల్కెరలో చిల్లుపడిన ఒక రాయి ఉంది, అది వాళ్ల మూలపురుషుడి రూపం. ఆ రాతిమీది గౌరవంతోనే ఆమె ముక్కు మధ్య దూలానికి రంధ్రం వేయించుకున్నారు. ఆమె ఫోటోల్లో ఆ రంధ్రం స్పష్టంగా కనిపిస్తుంది. చర్మం మీదా ఇసుక మీదా ఏళ్ల తరబడి గీతలు దిద్దిన చేతిని కాన్వాసు లేదన్న ఒక్క కారణంతో అనుభవం లేని చెయ్యి అనడం న్యాయమా?

కాన్వాసుకు ముందు బాతిక్, అంటే మైనంతో గీసి బట్టకు రంగులద్దే పని, కూడా ఉంది. మీ వ్యాసంలో దీని ప్రస్తావనే లేదు. 1977లో యుటోపియా స్త్రీలు బాతిక్ నేర్చుకున్నారు, మరుసటి ఏడు మహిళా బాతిక్ బృందం ఏర్పడింది, అందులో మొదటి నుంచీ ఉన్నవారిలో ఎమిలీ ఒకరు. పట్టుబట్ట మీద వేడి మైనంతో గీయడం, రంగులో ముంచడం, మళ్లీ మరిగే నీళ్లలో వేసి మైనం కరిగించడం, ఇలా పదేళ్లకు పైగా చేశారు. 1988 చివర్లో దాదాపు ఎనభై మంది యుటోపియా స్త్రీలకు కాన్వాసులూ ఆక్రిలిక్ రంగులూ అందినప్పుడు ఎమిలీ వాటిని వదలలేదు. బట్టలు ఉడకబెట్టే చాకిరీ తప్పిందన్నది ఒక కారణమని ఆమే చెప్పుకున్నారు.

ఆ తర్వాతి ఎనిమిదేళ్లలో దాదాపు మూడు వేల చిత్రాలు వేశారు. నేల మీద పరిచిన కాన్వాసు దగ్గర కూర్చుని, కొన్నిసార్లు దాని మీదే కూర్చుని, రంగు నిండిన కుంచెను వెంట్రుకలు విచ్చుకునేదాకా అదిమి చుక్కలు పెట్టేవారు. ఒకే కుంచెకు రెండు రంగులు అంటి ఉండటం వల్ల చుక్క చుట్టూ మరో రంగు అంచు కట్టేది. 1990ల మధ్యకు వచ్చేసరికి చుక్కలు తగ్గి చారలు ముందుకొచ్చాయి, అవెల్యె చారలే.

మా అమ్మాయి దగ్గరికి మెల్‌బోర్న్ వెళ్లినప్పుడు, విక్టోరియా నేషనల్ గ్యాలరీలో ఆమె 1995లో వేసిన ‘బిగ్ యామ్ డ్రీమింగ్’ ముందు చాలాసేపు నిలబడ్డాను. మూడు మీటర్ల ఎత్తు, ఎనిమిది మీటర్ల వెడల్పు, నల్లని నేపథ్యం, దాని మీద ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో అంతుపట్టని తెల్లని గీత. రెండు రోజుల్లో పూర్తి చేశారట. దగ్గరికి వెళ్లి చూస్తే గీత ఒకచోట చిక్కగా, ఇంకోచోట రంగు అయిపోవస్తున్నట్టు పలచగా ఉంది. మళ్లీ రంగు ముంచుకున్న జాడ కూడా తెలుస్తోంది. ఎక్కడా తడబాటు లేదు, దిద్దుబాటు లేదు. నల్లని ఒంటిమీద తెల్లమట్టి చారలు ఎన్నో ఏళ్లు దిద్దకపోతే ఆ నిబ్బరం రాదని నాకు అక్కడే అనిపించింది.

మీరు ఆ చిత్రం కింద ‘నైరూప్య చిత్రం’ అని, అంటే ఏ వస్తువు రూపాన్నీ చూపని బొమ్మ అని, వేశారు. అది నైరూప్యం కాదు. పెన్సిల్ యామ్ అనేది అలసంద జాతికి చెందిన తీగ. దుంప ఊరినప్పుడు పైన నేల పగుళ్లిస్తుంది, స్త్రీలు ఆ పగుళ్లను చూసి తవ్వుతారు. నేల లోపల అల్లుకున్న వేళ్లే ఆ గీతలు. ఆమె పేరులోని ‘కామె’ ఆ మొక్క విత్తనం పేరే. ఏం గీస్తున్నారని అడిగిన వారికి ‘అంతా, మొత్తం అంతా’ అని ఆ దుంపనూ, గడ్డి గింజలనూ, ఈమూనూ, ముళ్లబల్లినీ పేరుపేరునా చెప్పిన మనిషి ఆమె.

వేలం ధరలకు మీరు ఇచ్చిన చోటు మాత్రం నాకు ఎక్కువనిపించింది. ఆమె చిత్రం ‘ఎర్త్స్ క్రియేషన్’ 2007లో పది లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు దాటిందన్నది నిజమే, 2017లో ఇరవై ఒక్క లక్షలు పలికిందన్నదీ నిజమే. ఎమిలీ మాత్రం 1996 సెప్టెంబరులోనే కన్నుమూశారు.

కనుక ఒక చిన్న సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఆ బొమ్మ కింద ‘నైరూప్య చిత్రం’ అన్న మాట తీసేసి, ‘అల్హల్కెర నేలలో యామ్ దుంప వేళ్లు’ అని వేయగలరు.

ఇట్లు,
మీ పాఠకురాలు