విశాఖ వన్‌టౌన్ పాత ఇళ్లు – ఆదివారం నడక

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 6:30కి కురుపాం మార్కెట్ దగ్గర కలుద్దాం. మన వీధుల్లో పెంకుటిళ్లు ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లు అయిపోతున్నాయి, ఉన్నవాటి వివరాలైనా ఇప్పుడే రాసిపెట్టుకోవాలి.

ఇంట్లో పాత దస్తావేజులుంటే బయటకు తీసి హద్దుల పేరా చదవండి. తూర్పున ఎవరి ఇల్లు, పడమర ఏ సందు అని అందులో ఉంటుంది. పక్కింటి సంగతి కూడా దొరికేస్తుంది! ఆన్‌లైన్ ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే సర్టిఫికెట్) సాధారణంగా 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి.

రాలిపడిన పెంకు దొరికితే దాని మీది అక్షరాలు చూడండి. బాసెల్ మిషన్, 1865 అని ఉంటే అది ఇల్లు కట్టిన ఏడాది కాదు, మంగుళూరులో ఆ క్రైస్తవ మిషన్ వాళ్లు పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది.

అన్నిటికంటే ముందు మామ్మలు, తాతయ్యల మాటలు ఫోన్లో రికార్డు చేయండి. దస్తావేజుల ఫొటోలు మాత్రం గ్రూపులో పెట్టకండి, ప్లీజ్.