ఉన్న ఇంటికే ఏటా 15 శాతం: పురపాలక శాఖ మంత్రి గారికి విశాఖ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మా ఇంటి పన్ను గురించి నేను రాస్తున్న నాలుగో ఉత్తరం ఇది. మొదటి రెండూ సోమవారాల్లో లైన్లో నిలబడి చేతికిచ్చిన అర్జీలు. మూడోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. చేతికిచ్చిన రెండింటికీ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడినది" అని. ఏం పరిష్కరించారో తెలుసుకుందామని ఆఫీసుకి వెళ్ళాను. కంప్యూటర్ దగ్గరున్న అమ్మాయి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, స్క్రీన్ నా వైపు తిప్పి చూపించింది. "నిబంధనల ప్రకారమే పన్ను విధించబడినది." అంతే, ఒక్క వాక్యం. ఆ అమ్మాయిని నేనేమీ అనను. కానీ నిబంధన వల్ల బాధపడుతున్నామని అర్జీ పెడితే, నిబంధన ప్రకారమే ఉందని జవాబివ్వడం పరిష్కారం ఎలా అవుతుందండీ?

నా వయసు 71. ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా 2012లో రిటైరయ్యాను. 1994లో మధురవాడ పంచాయతీగా ఉన్న రోజుల్లో 133 గజాల స్థలం కొన్నాను. అప్పుడు అక్కడికి రావడానికి చుట్టాలు కూడా భయపడేవారు. హైవే దిగాక వీధి దీపం ఉండేది కాదు. 1996లో రెండు గదులు, ఒక వంటిల్లు వేసి స్లాబు పోశాం. ఆ ఇంట్లోనే ఉన్నాం, అద్దెకివ్వలేదు, అమ్మలేదు, పైన ఇంకో అంతస్తు లేపలేదు. 2005లో మా ఊరు నగరంలో కలిసింది. మేం నగరానికి వెళ్ళలేదు, నగరమే మా ఇంటికి వచ్చింది.

2020-21లో మా ఇంటి పన్ను ఏడాదికి 3,400 రూపాయలు. అప్పట్లో ఇంటికి ఎంత అద్దె వస్తుందో లెక్కగట్టి, ఇంటి వయసు చూసి కొంత తగ్గించి, సొంతదారు తానే ఉంటే ఆ తగ్గింపూ ఇచ్చి పన్ను వేసేవారు. 2021 ఏప్రిల్ నుంచి అద్దె లెక్క పోయి రిజిస్ట్రేషన్ విలువ, అంటే రిజిస్ట్రేషన్ల కోసం ప్రభుత్వం కట్టే ధర, లెక్కలోకి వచ్చింది. ఒకేసారి భారం పడకుండా ఏడాదికి 15 శాతం దాటి పెంచబోమన్నారు. అది ఊరటగానే వినిపించింది. కానీ మా బిల్లులన్నీ వరసగా పెట్టి చూడండి: 3,910, 4,497, 5,171, 5,947, ఇప్పుడు 6,839. ఐదేళ్ళలో రెండింతలు. మా ఆవిడ ఈ బిల్లులన్నీ పెళ్ళి శుభలేఖ కవర్లో పెట్టి దేవుడి గూటి వెనక దాచింది. మొన్న వాటిని మంచం మీద పరిచి, "ఇది ఎప్పుడు ఆగుతుంది?" అని అడిగింది. నాకు జవాబు తెలియలేదు. మీకు తెలిసే ఉంటుంది, చెప్పండి.

నాకు అర్థమైనంత వరకూ, కొత్త లెక్క ప్రకారం రావలసిన పన్నును అందుకునేదాకా ఏటా 15 శాతం పెరుగుతూ ఉంటుంది. కానీ ఆ రావలసిన పన్నే ఒకచోట నిలబడటం లేదు కదా. 2025 ఫిబ్రవరి 1న మళ్ళీ రిజిస్ట్రేషన్ విలువలు సవరించారు. మేం ఒక మెట్టు ఎక్కితే పై మెట్టు ఇంకా పైకి పోతోంది. నా ఇంటి గోడలకు ముప్పై ఏళ్ళు వచ్చాయి, అవేమీ కొత్తవి కాలేదు. విలువంతా కింద ఉన్న మట్టిది. ఆ మట్టి ధర నేను పెంచలేదండీ. 2019 డిసెంబరులో పరిపాలనా రాజధాని అన్నారు, ధర పెరిగింది. భోగాపురం విమానాశ్రయం పనులు సాగుతున్నకొద్దీ పెరిగింది. 2025లో రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కి 99 పైసల నామమాత్రపు ధరకు 21.16 ఎకరాలు ఇస్తామన్నారు. ఆ అక్టోబరులో గూగుల్ 15 బిలియన్ డాలర్ల డేటా సెంటర్ అన్నారు. అవి రావాలి, మన పిల్లలు బెంగళూరు, హైదరాబాద్ పోకుండా ఇక్కడే బతకాలి. నేను కోరుకునేదీ అదే. కానీ ఆ కబురు వచ్చిన వారంలో నాకు బ్రోకర్ల నుంచి పదకొండు ఫోన్లు వచ్చాయి. "గజం యాభై ఐదు వేలు ఇప్పిస్తాం అంకుల్, ఇంత స్థలంలో ఇద్దరే ఉండి ఏం చేస్తారు?" అని. ఉంటాం నాయనా, ఉండటానికే కట్టుకున్నాం అన్నాను.

మా ఆదాయం కూడా చెబుతాను, దాచడానికేమీ లేదు. ఈపీఎస్ పెన్షన్ నెలకి 2,140. పీఎఫ్ డబ్బు 8 లక్షలు బ్యాంకులో వేశాను. నిరుడు దాని మీద 7.75 శాతం వడ్డీ ఇచ్చారు, ఏడాదికి 62,000. రిజర్వ్ బ్యాంకు 2025 ఫిబ్రవరి నుంచి జూన్ లోపల రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.5 శాతం నుంచి 5.5కి దించింది. ఇంటి లోన్లు తీసుకున్నవాళ్ళకి ఈఎంఐ తగ్గింది, మంచిదే. నా డిపాజిట్ రెన్యువల్‌కి వచ్చేసరికి మాత్రం 6.9 శాతమే ఇచ్చారు. 55,200. అంటే ఏడాదికి 6,800 తగ్గింది. పన్ను బిల్లు 6,839. ఈ రెండు అంకెలూ ఒకే నెలలో చేతికొచ్చాయి. పెన్షన్, వడ్డీ అన్నీ కలిపితే మాకు నెలకి వచ్చేది 6,740. మీ పన్ను మా నెల ఆదాయం కంటే వంద రూపాయలు ఎక్కువ. బీపీ, షుగర్ మందులకి నెలకి 2,600 పోతుంది. మిగతాది మీరే లెక్కవేసుకోండి.

375 చదరపు అడుగుల లోపు ఇంటికి యాభై రూపాయలే పన్ను పెట్టారు, మంచి పని. మా ఇల్లు 780 అడుగులు. కాబట్టి మేం ఆ లెక్కలోకి రాం.

ఇంకొకటి మీరు మా ఇంటికొచ్చి చూస్తే తప్ప తెలియదు. సముద్రపు గాలికి మా స్లాబులో ఇనుము తుప్పు పట్టింది. వంటింట్లో పొయ్యి పైన రెండు చేతుల వెడల్పున పెచ్చులు ఊడిపడి ఊచలు బయటికి కనిపిస్తున్నాయి. ఆ ఊచలు వేలితో తడిమితే పొరలు పొరలుగా రాలుతున్నాయి. 2014లో హుద్‌హుద్‌కి పైనున్న రేకుల గది ఎగిరిపోయాక నీళ్ళు దిగడం మొదలైంది, అక్కడి నుంచి ఇదే తంతు. మా ఆవిడ ఇప్పుడు పొయ్యిని తలుపు పక్కకి జరిపి వండుతోంది. వాన పడితే పైన టార్పాలిన్ కప్పుతాను, 71 ఏళ్ళ వయసులో నిచ్చెన ఎక్కి. మేస్త్రీ వచ్చి చూసి, పాత సిమెంటు కొట్టేసి, ఊచలకి మందు పూసి, మళ్ళీ ప్లాస్టరింగ్ చేసి పైన వాటర్‌ప్రూఫింగ్ చేయడానికి లక్షా ఎనభై వేలు అవుతుందన్నాడు. ఏడాదికి 3,400 పన్నుతోనే ఆగి ఉంటే, ఈ ఐదేళ్ళలో ఎక్కువ కట్టినదాంతో కనీసం ఆ వంటింటి పైకప్పు ఒక్కటైనా బాగయ్యేది. పెచ్చులూడే ఇంటికి పన్ను మాత్రం ఏటా కొత్త ఇంటిలా పెరుగుతోంది.

"అంత విలువైన ఇల్లు పెట్టుకుని బాధలెందుకు, అమ్మేయండి" అని అందరూ అంటారు. మీ ఆఫీసర్లూ అదే అనుకుంటారేమో. మాది పంచాయతీ కాలం లేఅవుట్, ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్‌కి అనుమతి నంబరు, లేదు. బ్యాంకు లోన్ రాదని తెలిసి కొనేవాడు గజానికి పది, పదిహేను వేలు తగ్గించి అడుగుతాడు. ఆ డబ్బుతో ఈ ఊళ్ళోనే మళ్ళీ ఇల్లు కొనాలి కదా. రివర్స్ మార్ట్‌గేజ్, అంటే ఉంటున్న ఇల్లు తనఖా పెట్టి బ్యాంకు నుంచి డబ్బు తీసుకునే పద్ధతి, ఆ సంగతి కూడా ఒక బ్యాంకులో అడిగాను. కాగితాలు చూసి, "అప్రూవ్డ్ లేఅవుట్ కాదండీ" అని తిరిగి ఇచ్చేశారు. పన్ను వేసేటప్పుడు ఆ తేడా లేదు, అప్పు అడిగేటప్పుడు వచ్చింది.

మా అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగాలు చేస్తారు. ఇద్దరికీ కలిపి నెలకి 68,000. మూడేళ్ళ క్రితం పీఎం పాలెంలో ఒక ఫ్లాట్ చూశారు, అడుగు 4,300 అన్నారు. అడ్వాన్సుకి డబ్బు కూడబెట్టుకుని వెళ్ళేసరికి అదే వీధిలో 6,000. 1,050 అడుగుల మామూలు డబుల్ బెడ్‌రూమ్. 63 లక్షలు. దాని మీద 5 శాతం జీఎస్టీ, స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ అన్నీ కలిపి ఇంకో ఏడున్నర శాతం, దగ్గర దగ్గర 8 లక్షలు అదనం. 45 లక్షల లోపు ఇంటికి జీఎస్టీ ఒక్క శాతమే, కానీ ఆ హద్దు పెట్టింది 2019లో. ఇవాళ విశాఖలో ఆ ధరకి ఏం వస్తుందో మీకే తెలుసు. అది ఢిల్లీ వాళ్ళ చేతిలో ఉందని తెలుసు, మీరు అడిగితే వింటారని రాస్తున్నాను. 50 లక్షలు లోన్ తీసుకుంటే ఇరవై ఏళ్ళ పాటు నెలకి 41,800 ఈఎంఐ. ఆ పిల్ల మొహంలో టెన్షన్ చూడలేకపోతున్నాను. "నాన్నా, మీ ఇంటి పన్ను నేను కడతాలే" అంటుంది. తన ఇంటికి అడ్వాన్సు కూడబెట్టుకోలేని బిడ్డ దగ్గర పన్నుకి డబ్బు ఎలా తీసుకోనండీ?

నేల ధర పెరిగిందని సంబరపడేవాళ్ళు ఉండొచ్చు, అమ్మేవాళ్ళయితే. మా ఇంట్లో ఒకరికి ఆ ధర పన్నుగా వచ్చింది, ఇంకొకరికి అప్పుగా వస్తోంది. లాభం ఎవరి చేతికీ రాలేదు.

చెత్త పన్ను తీసేసింది మీ ప్రభుత్వమే. ఆ రోజు మా వీధిలో అందరం సంతోషించాం. జనం మొర వింటారని అప్పుడే నమ్మకం కలిగింది, ఆ నమ్మకంతోనే మూడు అర్జీలు పెట్టాను. అరవై దాటినవాళ్ళు, ఉన్న ఒక్క ఇంట్లోనే ఉంటున్నవాళ్ళు, అద్దె రాబడి లేనివాళ్ళు, ఈ ముగ్గురి మాట వేరుగా చూడండి. 15 శాతాన్ని ఇక్కడితో ఆపండి. పాత లెక్కలో ఇంటి వయసుకి, సొంతంగా ఉండేవాడికి ఇచ్చిన తగ్గింపు మళ్ళీ ఇవ్వండి. అది కుదరకపోతే, మా పన్ను ఎంతదాకా పెరిగి ఎప్పుడు ఆగుతుందో ఆ అంకె అయినా బిల్లు మీద రాయండి. కనీసం "పరిష్కరించబడినది" అనే మెసేజ్ పంపే ముందు ఎవరో ఒకరు ఫోన్ చేసి మాట్లాడండి. ఇన్ని అడుగుతున్నానని అనుకోకండి, ఏది మీ చేతిలో ఉంటే అది చేయండి. ఏదో ఒకటి చేయండి.

ఏప్రిల్ 30 లోపు ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గిస్తారు. కట్టకపోతే నెలకి 2 శాతం వడ్డీ. అందుకని కట్టేస్తాను, ఏ సంవత్సరమూ బాకీ పెట్టలేదు. మొన్న మేస్త్రీ ఫోన్ చేశాడు, వానలు మొదలవకముందే స్లాబు పని పెట్టుకుందామా అని. వచ్చే ఏడు చూద్దాంలే అని చెప్పాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కార్మికుడు,
మధురవాడ, విశాఖపట్నం