అసైన్‌మెంటు డ్రాఫ్టులోనే ఆగిపోతే

సంపాదకులకు,

మా అమ్మాయి తన అసైన్‌మెంటును గడువుకు గంట ముందే కళాశాల మూడుల్ (పాఠాలు, అసైన్‌మెంట్లు ఆన్‌లైన్‌లో నడిపే వేదిక) పేజీలో పెట్టి, ఫైలు పేరు తెరమీద కనిపించడంతో పని పూర్తయిందనుకుని నిద్రపోయింది. తెల్లారి చూస్తే ‘డ్రాఫ్టు, సమర్పించలేదు’ అని ఉంది. ఫైలు ఎక్కించాక మరో బటన్ కూడా నొక్కాలని తరగతిలో ఎవరూ చెప్పలేదు. సున్నా మార్కులు వేశారు.

మూడుల్‌లో గడువు తేదీ వేరు, స్వీకరణ పూర్తిగా ఆపేసే తేదీ వేరు. రెండింటి మధ్య రెండు రోజులు ఎడం ఉంచినా, ఎవరిది ఎంత ఆలస్యమో అధ్యాపకులకు తెలుస్తూనే ఉంటుంది. ఒక్క విద్యార్థికి మాత్రమే గడువు పొడిగించడం కూడా వారి చేతిలోని పనే. ఇంట్లో ఉన్న ఒకే ఫోనుతో పేజీ పేజీకీ ఫొటో తీసి, పీడీఎఫ్ చేసి పంపే పిల్లల కష్టం చూసైనా, సెమిస్టరు మొదట్లోనే మార్కులు లేని నమూనా అసైన్‌మెంటు ఒకటి పెట్టి సమర్పించడం నేర్పాలని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాను.

– ఒక తల్లి, గుంటూరు జిల్లా