“తప్పయిపోనాది బాబూ”

సంపాదకులకు నమస్కారం.

నరసన్నపేటలో నాకు చిన్న కిరాణా కొట్టు ఉంది. పోయిన నెల కొట్లో పనిచేసే కుర్రాడు గల్లాపెట్టెలోంచి 1,800 రూపాయలు తీశాడు. 19 ఏళ్లుంటాయి. ఇరుగుపొరుగు పోగై కరెంటు స్తంభానికి కట్టేశారు, నేను పరుగెత్తుకెళ్లి విడిపించేలోపే పెదవి చిట్లి చొక్కా మీద రక్తం. దెబ్బ పడినప్పుడల్లా వాడిది ఒకటే మాట, “తప్పయిపోనాది బాబూ, తప్పయిపోనాది.”

ఆ మాట నన్ను వదల్లేదు. వాన పడినట్టు, కరెంటు పోయినట్టు తప్పు దానంతటదే అయిపోతుందా? మనందరిదీ అదే వరస. మన పిల్లాడు చేస్తే సావాసదోషం, తలరాత అంటాం, పరాయి పిల్లాడైతే కావాలనే చేశాడు, తోలు తీయాలంటాం. “పేదరికం చేయించింది పాపం” అన్నారొక పెద్దాయన. నేనొప్పుకోను. వాడి అన్న అదే ఇంట్లోంచి వచ్చి నా దగ్గర నాలుగేళ్లు పనిచేసి ఒక్క రూపాయి ముట్టలేదు, పేదరికమే చేయిస్తుందంటే అతని నిజాయితీకి విలువేముంది? అలాగని ఇద్దరి మీదా ఒకటే బరువుందనీ అనలేను, లోన్ యాప్ వాళ్లు రోజంతా ఫోన్లు చేసే టెన్షన్ వీడికుంది, అన్నకు లేదు.

రాత్రి కొట్టు కట్టేసే వేళ కూర్చోబెట్టి టీ ఇచ్చి అడిగాను. చాలాసేపు తల దించుకుని, “నానే తీసినాను బాబూ” అన్నాడు. అన్ని దెబ్బలకూ రాని మాట అది. 1,200 చేతిలో పెట్టి మిగతాది జీతంలో కోసుకోమన్నాడు. ఇప్పుడూ నా దగ్గరే పనిచేస్తున్నాడు.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం మామూలు దొంగతనంలో మొదటిసారి దోషిగా తేలినవాడు, సొత్తు విలువ 5,000 లోపుండి, అది తిరిగిచ్చేస్తే, సమాజ సేవే శిక్ష. ఏడేళ్లలోపు పిల్లలనీ, మతి చలించి తానేం చేస్తున్నాడో తెలియని వాళ్లనీ వదిలేసే ఆ చట్టమే, తనంతట తాను తాగి మైకంలో చేశానంటే మాత్రం ఊరుకోదు. తప్పు చేసినవాడి అదుపులో ఎంత ఉందో చూడాలన్న ఆలోచన అందులో ఉంది, స్తంభానికి కట్టి కొట్టమని ఎక్కడా లేదు.

మీ జిల్లా పేజీకి నాదొక్క మనవి. ఇలాంటి కుర్రాళ్ల ఫోటోలు వేయకండి. పాత పేపర్లతోనే మేం పొట్లాలు కడతాం, ఆ మొహం ఏ ఏడాది ఎవరింటికి చేరుతుందో మాకే తెలీదు.

— ఒక కిరాణా వ్యాపారి, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా