మా గార్డుగారిని కనిపెట్టుకున్న అక్కకి కృతజ్ఞతలు

నిన్న సాయంత్రం అమ్మ డిశ్చార్జ్ అయి ఇంటికొచ్చింది. వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. నాన్న పెరుగన్నం తిని పడుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళంతా నొప్పులు, కళ్ళు మూతలు పడుతున్నాయి గానీ నిద్ర రావట్లేదు. మనసులో ఉన్నది ఇప్పుడే రాసేయాలి, లేకపోతే రేపటి పనుల్లో పడి రాయను. ఎక్కడైనా మాట తడబడితే సర్దుకుని చదవండి.

మాది విజయవాడ, సత్యనారాయణపురం. నాన్న రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆ ఉద్యోగాన్ని 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారట, మా వీధిలో మాత్రం ఆయన ఇప్పటికీ గార్డుగారే. వయసు ఎనభై దాటింది. అల్జీమర్స్, అంటే మతిమరుపు జబ్బు అని తేలి కొన్నేళ్ళయింది. డోనెపెజిల్ మాత్ర వాడుతున్నాం. అది జబ్బుని నయం చెయ్యదని, కొంతకాలం లక్షణాల్ని అదుపులో ఉంచడానికేనని డాక్టర్‌గారు మొదట్లోనే చెప్పేశారు. ఇన్నాళ్ళూ నాన్నని నిలబెట్టింది అమ్మే. స్నానం, తిండి, మందులు, రాత్రిపూట తలుపు గొళ్ళెం, అన్నీ ఆవిడ చేతుల మీదే. ఆ అమ్మ బాత్రూమ్‌లో కాలు జారి పడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అన్నారు. ఇల్లు నెత్తిన కూలినట్టయింది.

తమ్ముడు బెంగళూరు నుంచి వచ్చి ఆస్పత్రి పనంతా చూసుకున్నాడు. మా ఆయన, మరదలు, పిల్లలు ఎవరు చెయ్యాల్సింది వాళ్ళు చేశారు. మనవాళ్ళకి వేరే చెప్పేదేముంది.

చెప్పాల్సింది అక్క గురించి.

పేరు రాయొద్దంది. "పేరెందుకమ్మా, మా ఊరోళ్ళు చూస్తే ఏదేదో అనుకుంటారు" అంది. అందుకని అక్క అనే రాస్తాను. కంకిపాడు వైపు మనిషి, యాభై పైబడ్డాయి. మా వెనక వీధిలో ఒక పెద్దాయనకి మంచంలో ఉన్నన్నాళ్ళూ చేసింది. ఆయన పోయాక సొంతూరికి వెళ్ళిపోదామని బట్టలు సర్దుకుంటుంటే, ఆ ఇంటికీ మా ఇంటికీ పాలు పోసే అతను చెప్పాడట, గార్డుగారింట్లో అమ్మగారు పడిపోయారు, ఆయన్ని పట్టుకునే మనిషి లేక అల్లాడిపోతున్నారు అని. బస్సెక్కాల్సిన సంచీతోనే మా గుమ్మంలోకి వచ్చింది. "నాలుగు రోజులు ఉంటానమ్మా, ఈలోగా మీకు మనిషి దొరక్కపోడు" అంది. మేమెవరో ఆమెకి తెలియదు. డబ్బు సంగతి నేనే ఎత్తితే, "ముందు అమ్మగారు లేచి కూర్చోనివ్వండి, తర్వాత మాట్లాడుకుందాం" అంది.

అల్జీమర్స్ ఉన్న ఇంట్లో సాయంత్రం ఎలా ఉంటుందో బయటివాళ్ళకి తెలియదు. పొద్దు వాలేసరికి మనిషిలో ఆందోళన మొదలవుతుంది. డాక్టర్లు సన్‌డౌనింగ్ అంటారు. పగలంతా నెమ్మదిగా ఉండే నాన్న దీపాలు పెట్టేవేళకి లేచి నిలబడతారు. "కాల్ బాయ్ వచ్చాడా? డ్యూటీకి టైమైంది" అంటూ చొక్కా వెతుకుతారు, తలుపు లాగుతారు. అడ్డం వెళ్తే చెయ్యి విసురుతారు. ఈ జబ్బులో కొత్త జ్ఞాపకాలు ముందు పోతాయి, పాతవి చాలాకాలం ఉంటాయి. అందుకే ఆయనకి రిటైరైన సంగతి గుర్తులేదు, గూడ్స్ బండి గుర్తుంది. మా ఇంటి దగ్గర ఇప్పుడు బీఆర్‌టీఎస్ రోడ్డు ఉన్నచోట ఒకప్పుడు రైలు పట్టాలుండేవి. నాన్న లెక్కలో అవి ఇంకా అక్కడే ఉన్నాయి. గేటు తీసి ఉంటే తిన్నగా అటే నడుస్తారు, బస్సులూ లారీలూ ఆయన కంటికి ఆనవు.

మొదటి సాయంత్రమే అక్క నన్ను పక్కకి పిలిచి కాల్ బాయ్ అంటే ఎవరని అడిగింది. బండి బయల్దేరే ముందు రన్నింగ్ స్టాఫ్, అంటే బండి నడిపే డ్రైవర్లు, గార్డుల ఇళ్ళకి వచ్చి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని వెళ్ళే మనిషని చెప్పాను. తలూపి, నాన్న ఎదురుగా కుర్చీ లాక్కుని, ఆయన మొహానికి సమానంగా కూర్చుంది.

"గార్డుగారూ, కాల్ బాయ్ వచ్చి వెళ్ళాడండి. బండి లేటంట. టీ తాగి బయల్దేరుదురుగాని."

నాన్న ఆమె వైపు తిరిగారు. "ఎంత లేటు?"

"రెండు గంటలంటండి."

"ఏ బండి?"

"నాకు బళ్ళ సంగతేం తెలుసండీ, మీరే చెప్పాలి."

నాన్న కూర్చున్నారు. బొగ్గు బండి గురించి, యాభై ఎనిమిది వ్యాగన్ల గురించి, చిట్టచివర బ్రేక్ వ్యానులో ఒక్కడే కూర్చుని చీకట్లో కొండపల్లి దాటడం గురించి చెప్పడం మొదలుపెట్టారు. మాట మధ్యలో తెగిపోతోంది, ఊళ్ళ పేర్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. అయినా ఆమె "ఆఁ, తర్వాతండీ?" అంటూనే ఉంది. టీ గ్లాసు ఆయన చేతిలో పెట్టి, వణుకుతుందని కింద తన అరచెయ్యి ఆనించి పట్టుకుంది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆ చెయ్యి తియ్యలేదు. నేను వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. ఎన్నాళ్ళయిందో నాన్న అంతసేపు ఒక మనిషితో మాట్లాడి.

మర్నాడు ఇంట్లో పాత చేతిసంచీ ఏదైనా ఉందా అని అడిగింది. అందులో ఒక తువ్వాలు, టార్చిలైటు, నోటు పుస్తకం, పెన్ను పెట్టింది. అది డ్యూటీ సంచీ. సాయంత్రం అవగానే ఒళ్ళో పెడుతుంది. ఆయన ఒక్కోటీ తీసి చూసుకుని, లోపల పెట్టి, మళ్ళీ తీస్తారు. తలుపు లాగడం చాలావరకు తగ్గిపోయింది.

స్నానం ఇంకో గండం. నీళ్ళంటేనే భయపడిపోయేవారు. అక్క ఎప్పుడూ ముందు తల మీద పొయ్యదు. మగ్గు ఆయన చేతికే ఇస్తుంది. తను పాదాల మీద మొదలుపెట్టి, మోకాళ్ళ దాకా వచ్చి ఆగుతుంది. భుజాల చుట్టూ తువ్వాలు కప్పే ఉంచి, ఆ తువ్వాలు మీదుగానే నీళ్ళు పోస్తుంది. ఎందుకని అడిగితే, "అన్నీ మర్చిపోయినా సిగ్గు మర్చిపోరమ్మా" అంది. ఈ మాట నాకు ఏ డాక్టరూ చెప్పలేదు.

ఇంకా పెద్ద సంగతి ఒకటుంది. అమ్మ ఇంకా ఆస్పత్రిలో ఉండగానే నాన్న ఒక్కసారిగా దారుణంగా అయిపోయారు. గోడ మీద మనుషులున్నారని అరుపులు, పగలు మగతగా పడి ఉండటం, రాత్రి లేచి కూర్చుని బట్టలు పీక్కోవడం. చూడ్డానికి వచ్చిన బంధువొకాయన జబ్బు ముదిరింది, నిద్రమాత్ర ఇంకోటి వెయ్యండి అన్నారు. అక్క ఒప్పుకోలేదు. "మతిమరుపు రోగంలో నిన్నటికీ ఇవాళ్టికీ ఇంత తేడా రాదమ్మా. ఒంట్లో ఏదో ఉంది. ఒంటేలు కొద్దికొద్దిగానే వస్తోంది, వాసన కూడా బాగాలేదు. పరీక్ష చేయించండి" అంది. శాంపిల్ పంపిస్తే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అని వచ్చింది. దీన్ని డెలీరియం అంటారని, వయసైనవాళ్ళకి, అందులోనూ అల్జీమర్స్ ఉన్నవాళ్ళకి ఇన్‌ఫెక్షన్ వచ్చినా, మలబద్ధకం చేసినా, ఒంట్లో నీరు తగ్గినా ఇలా ఉన్నట్టుండి మతి చెదిరిపోతుందని డాక్టర్‌గారు చెప్పారు. యాంటీబయాటిక్ పడ్డాక మెల్లగా తేరుకున్నారు. మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్ళుంటే దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. ఒకటి రెండు రోజుల్లోనే మనిషి మారిపోతే జబ్బు ముదిరిందని వదిలేయకండి, వెంటనే డాక్టర్‌కి చూపించండి.

ఇక ఆ రాత్రి సంగతి. ఆపరేషన్ అయిన రోజు అమ్మకి బీపీ పడిపోయింది, రక్తం ఎక్కించారు. నేను ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. హాల్లో చిన్న లైటు వెలుగుతోంది. నాన్న మంచం మీద కూర్చుని ఉన్నారు. అక్క కింద చాప మీద కూర్చుని ఆయన పాదాలకి కొబ్బరినూనె రాస్తోంది. నన్ను చూసి, "తిన్నావామ్మా?" అంది. పొద్దుట్నుంచీ నన్ను అందరూ ఏవేవో అడిగారు. బిల్లు కట్టారా, సంతకం పెట్టారా, రిపోర్టు తెచ్చారా, ఆధార్ ఏదీ. తిన్నావా అని అడిగింది ఆమె ఒక్కతే. చెయ్యి కడుక్కుని వెళ్ళి మూత తీసింది. వేడన్నం, గోంగూర పచ్చడి, పక్కన నెయ్యి గిన్నె. పొద్దుటి అన్నం చల్లగా అయిపోయిందని అప్పుడే మళ్ళీ వండిందట.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఏడుపొచ్చేసింది. ఆపుకోవడం నా వల్ల కాలేదు. అక్క వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. నాన్న నావైపే చూస్తున్నారు.

"ఆ అమ్మాయి ఎందుకు ఏడుస్తోంది?" అని ఆమెని అడిగారు.

"ఆకలేసిందండి."

"అయ్యో పాపం, కడుపునిండా పెట్టండి" అన్నారు నాన్న.

నేనెవరో ఆయనకి తెలియకపోయినా ఆ మాట మా నాన్న మాటే. అది ఆమె వల్ల విన్నాను. ఆమె లేకపోతే ఆ రాత్రి నాన్న మంచానికి కట్టేసో, మాత్రలతో మత్తులోనో ఉండేవారు.

అక్కా, నీ రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు.

ఒక కడుపుమంట కూడా చెప్పుకోవాలి. అక్క రాకముందు ఒక ఏజెన్సీకి ఫోన్ చేశాం. రిజిస్ట్రేషన్ అని కొంత, నెల జీతం అడ్వాన్స్ అని కొంత కట్టించుకున్నారు. పంపిన కుర్రాడికి అల్జీమర్స్ అంటే ఏంటో ఒక్క ముక్క చెప్పి పంపలేదు. నాన్న ఒకసారి చెయ్యి విసరగానే వెళ్ళిపోయాడు. అతన్ని నేను తప్పుపట్టను, నేర్పించనిది ఎలా వస్తుంది? డబ్బులు అడిగితే రీఫండ్ లేదన్నారు. అసలు ఇంటికొచ్చి ముసలివాళ్ళని చూసుకునే మనిషికి ఏం వచ్చి ఉండాలి, ఎవరు నేర్పాలి, తేడా వస్తే మేం ఎవరికి చెప్పుకోవాలి? అక్కకి ఇంత పని తెలుసు, చేతిలో ఒక కాగితం లేదు, జబ్బు చేస్తే సెలవు లేదు, రేపు వయసైపోతే పెన్షన్ లేదు.

2023లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మతి తగ్గిపోయే జబ్బులన్నిటికీ కలిపి ఆ పేరు, అల్జీమర్స్ అందులో ఒకటి. వీళ్ళని చూసుకునేది దాదాపుగా ఇంట్లోవాళ్ళే. 2024 అక్టోబరు నుంచి 70 దాటినవాళ్ళకి ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇస్తున్నారు, మంచిదే. కానీ అది ఆస్పత్రిలో చేరితేనే. అల్జీమర్స్ మనిషి రోజూ బతికేది ఇంట్లో. ఆ ఇంటికి ఏమిచ్చారు? 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు రాశారు, పార్కిన్సన్స్ పేరుంది, డిమెన్షియా పేరు లేదు. అన్నం నమలడం మర్చిపోతున్న మనిషిది వైకల్యం కాదా?

దీనికి తోడు నవంబరు, లైఫ్ సర్టిఫికెట్, అంటే పెన్షన్ ఆగకుండా మనిషి బతికే ఉన్నాడని ఏటా ఇచ్చే రుజువు. బ్యాంకుకి వెళ్తే ఆయన్ని తీసుకురమ్మన్నారు. తీసుకురాలేమండీ, పరిస్థితి ఇదీ అని చెప్తే, స్టాఫ్ లేరు అన్నారు. 70 దాటినవాళ్ళకి ఇంటి దగ్గరే ఈ సేవలు అందించమని రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి 2017లోనే చెప్పింది. కౌంటర్ ముందు నిలబడి ఆ మాట అంటే వినేవాడు లేడు.

అన్నట్టు, ఆ పని చేసిపెట్టింది మా పోస్ట్‌మన్‌గారు. ఇంటికే వచ్చి, నాన్న వేళ్ళు అరిగిపోయి మెషిన్‌లో పడకపోతే విసుక్కోకుండా మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, చివరికి పూర్తి చేసి వెళ్ళారు. ఆయనకి నమస్కారాలు. పాలు పోసే అతనికి వందల నమస్కారాలు, అతను నోరు విప్పకపోతే అక్క మా ఇంటికి వచ్చేదే కాదు. రక్తం ఇచ్చిన ఇద్దరు అబ్బాయిలకి, మీరు మా తమ్ముడి స్నేహితుడికి స్నేహితులట, మీ మొహాలు కూడా నేను చూడలేదు. ఆర్థో వార్డులో నైట్ డ్యూటీ సిస్టర్‌కి, అమ్మ "మావారు తిన్నారా" అని కలవరిస్తుంటే తన ఫోన్‌లోంచి నాకు కలిపి మాట్లాడించినందుకు. కింది వాటావాళ్ళకి, అర్ధరాత్రి అరుపులకి ఒక్క మాట అనకపోగా, నాన్న బయటికి వెళ్ళిపోతారేమోనని గేటుకి తాళం వేసి ఒక తాళంచెవి మాకిచ్చినందుకు. మందుల షాపు బాబాయిగారికి.

అక్క ఇంకా ఇక్కడే ఉంది. అమ్మ వాకర్ వదిలేదాకా కదలనంది. ఇప్పుడు జీతం మాట్లాడుకున్నాం. ఏజెన్సీకి ఇవ్వాల్సినంతా ఆమె చేతికే ఇస్తున్నాం, ఆదివారం మధ్యాహ్నం ఆమెకి సెలవు, ఆ పూట నాన్న దగ్గర నేనుంటాను.

అయ్యో, ఆటో అబ్బాయిని మర్చేపోయాను. నిన్న అమ్మని తీసుకొచ్చినప్పుడు మా మేడ మెట్లు చూసి, ఆటో పక్కకి ఆపి, కుర్చీకి ఒక పక్క తను పట్టుకుని పైదాకా మోశాడు. మంచినీళ్ళు తెచ్చేలోపే వెళ్ళిపోయాడు. తమ్ముడూ, నీకు కూడా.